అంకె పక్కన ఏం రాసుంది?

మస్కట్‌కి కొత్తగా వచ్చిన రోజుల్లో మాట. మా ఆవిడా పిల్లాడూ ఇంకా ఇండియాలోనే ఉన్నారు. అల్ ఖువేర్‌లో ఒక ఫ్లాట్‌లో నేనూ, మా ఆఫీసులోనే పనిచేసే చిత్తూరు కుర్రాడొకడూ ఉండేవాళ్ళం. వంట నాది, సరుకులు అతనివి. ఒక గురువారం సాయంత్రం అతను రువి వెళ్ళాడని తెలిసి, "ఆనపకాయ, టమాటాలు, కొత్తిమీర" అని ఫోన్‌లో మెసేజ్ కొట్టాను. అందరిలాగే ఇంగ్లీషు అక్షరాల్లోనే కొట్టాను లెండి.

గంటన్నర తర్వాత చెమటలు కక్కుతూ వచ్చాడు. సంచిలో టమాటాలున్నాయి, కొత్తిమీర ఉంది. ఆనపకాయ బదులు ఐసు గడ్డలా బిగుసుకుపోయిన చిక్కుడు గింజల ప్యాకెట్టు ఉంది!

"అన్నా, నాలుగు అంగళ్ళు తిరిగినా. అనపకాయలు యాడా దొరకలే. ఫ్రీజర్లో ఈ గింజలుంటే తెచ్చినా. పులుసుకి ఇవీ బాగుంటాయిలే" అన్నాడు.

గోదావరి జిల్లా వాణ్ణి నేను. నాకు ఆనపకాయంటే సొరకాయ. అక్కడ పొయ్యి మీద కందిపప్పు ఉడుకుతోంది. చిత్తూరువాడికి సొరకాయ సొరకాయే. అనపకాయలంటే చిక్కుడు జాతి కాయలు, చలికాలంలో గింజలొలిచి పులుసు పెట్టుకునేవి. ఇంగ్లీషు అక్షరాల్లో దీర్ఘం ఎగిరిపోవడంతో రెండూ ఒకటైపోయాయి. ఇద్దరం కాసేపు ఒకళ్ళనొకళ్ళు చూసుకుని పడీ పడీ నవ్వుకున్నాం. ఆ రాత్రి పప్పు వట్టిదే.

ఈ కూరగాయల గొడవ ఇక్కడెందుకు చెప్తున్నానంటే, నా ఉద్యోగం కచ్చితంగా ఇదే కాబట్టి.

మా ఊళ్ళో ఎవరైనా "ఏం పని చేస్తావు బాబూ?" అని అడిగితే "కరెంటు మీటర్ల సాఫ్ట్‌వేరండీ" అంటాను. "అయితే మా మీటరు కాస్త నెమ్మదిగా తిరిగేలా చూడు" అంటారు. అసలు పని కొంచెం వేరు. ఇళ్ళల్లో ఉండే స్మార్ట్ మీటర్లు ఒక భాషలో మాట్లాడతాయి, బిల్లు వేసే కంప్యూటర్లు ఇంకో భాషలో మాట్లాడతాయి. ఒకరన్నది ఇంకొకరికి అదే అర్థంతో చేరుతోందా లేదా అని పరీక్షించడం నా పని. దీనికి సెమాంటిక్ ఇంటరాపరబిలిటీ టెస్టింగ్ అని నోరు తిరగని పేరొకటుంది.

ఇందులో మూడు మెట్లున్నాయి. మెసేజ్ చేరిందా అన్నది మొదటి మెట్టు. నా ఫోన్ నుంచి అతని ఫోన్‌కి చేరింది, సందేహం లేదు. అక్షరాలు సరిగ్గా చదవగలిగాడా అన్నది రెండోది. చదివాడు. నా మనసులో ఉన్న కాయే అతని మనసులోకి వెళ్ళిందా అన్నది మూడోది. అక్కడే దెబ్బతిన్నాం. మొదటి రెండు మెట్ల దగ్గర తప్పుంటే యంత్రం అరిచి చెప్తుంది. మూడో మెట్టు దగ్గర ఎవరూ అరవరు. నాలుగు కొట్లు తిరిగి, చెమటోడ్చి, చిత్తశుద్ధితో తప్పు సరుకు తెచ్చిపెడతారు.

కరెంటు వ్యవహారంలో ఇన్ని భాషలెందుకొచ్చాయి అంటారా? ఎవరి అవసరం కొద్దీ వాళ్ళు రాసుకున్నారు మరి. మీటర్లకి డీఎల్ఎంఎస్/కోసెమ్ అనే పద్ధతి ఉంది, ఐఈసీ 62056 ప్రమాణం. విద్యుత్ సంస్థల సాఫ్ట్‌వేర్లు మాట్లాడుకోవడానికి సిమ్ అనే ఉమ్మడి నమూనా ఉంది, ఐఈసీ 61970, 61968. సబ్‌స్టేషన్లలో పరికరాలకి 61850. ఇంట్లో ఫ్రిజ్‌లూ వాషింగ్ మెషీన్లూ కూడా ఈ కబుర్లలో చేరాలని 2015లో యూరప్‌వాళ్ళు సారెఫ్ అని ఇంకోటి తెచ్చారు. అందరూ పెద్దవాళ్ళే, అందరూ ఒప్పే. వీళ్ళ మధ్య నిలబడి "మీరన్న డెలివర్డూ వాళ్ళన్న డెలివర్డూ ఒకటేనాండీ?" అని అడిగే పెళ్ళిళ్ళ పేరయ్య లాంటివాణ్ణి నేను.

చిన్న ఉదాహరణ చెప్తాను. మనకి యూనిట్ అంటే ఒక కిలోవాట్ అవర్. "ఈ నెల ఎన్ని యూనిట్లు కాలాయి?" అంటాం. కోసెమ్ మీటర్లో యూనిట్ అంటే ఆ అంకె దేన్ని కొలుస్తోందో చెప్పే సంకేతం. 30 అని ఉంటే వాట్ అవర్లని అర్థం. దాని పక్కన స్కేలర్ అని ఇంకో అంకె ఉంటుంది. అది 3 అయితే అసలు విలువని వెయ్యితో గుణించాలి. మీటరు 1523 అని చెప్పింది, పక్కనున్న ఈ రెండు అంకెలూ చదవకుండా ముందుకెళ్ళారనుకోండి, 1523 యూనిట్ల బిల్లు కాస్తా యూనిట్టున్నర అవుతుంది. ఇలాంటిది దొరికిపోతుంది లెండి. వెయ్యి రెట్ల తేడా ఎవరి కంటికైనా కనిపిస్తుంది. అయినా ఒక్కోసారి పెద్దపెద్దవాళ్ళకే కనిపించదు. 1999లో నాసావాళ్ళ మార్స్ క్లైమేట్ ఆర్బిటర్ అలాగే పోయింది. ఒక సాఫ్ట్‌వేర్ పౌండ్ల లెక్కలో ఇచ్చింది, రెండోది న్యూటన్ల లెక్కలో తీసుకుంది. అంకెలు బాగానే చేరాయి, నౌక మాత్రం దక్కలేదు.

సరే, అసలు విషయానికొస్తాను.

2022లో ఇక్కడొక ప్రాజెక్టు మీద ఉన్నాను. మీటర్ల నుంచి వచ్చే లెక్కల్ని బిల్లింగ్ దాకా చేర్చే గొట్టం కట్టడం, పరీక్షించడం మా పని. ఒమన్‌లో అప్పటికి చాలా మార్పులు జరుగుతున్నాయి. 2017 జనవరి నుంచి ఏడాదికి 150 మెగావాట్ అవర్లు దాటి వాడే పెద్ద వినియోగదారులకి అసలు ఖర్చుని బట్టి ధరలు పెట్టారు. ఏ కాలంలో, ఏ రోజున, ఏ గంటలో వాడారన్నదాన్ని బట్టి రేటు మారుతుంది. అదే ఏడాది ఇళ్ళ కప్పుల మీద సోలార్ పలకలు పెట్టుకునే సాహిమ్ అనే పథకం మొదలైంది. ఇబ్రీ దగ్గర ఎడారిలో 500 మెగావాట్ల సోలార్ కేంద్రానికి 2022 జనవరిలోనే ప్రారంభోత్సవం జరిగింది. అంతకుముందు కరెంటు ఒకవైపే పారేది. ఇప్పుడు ఇంటి నుంచి వీధిలోకి కూడా పారుతుంది. మీటరు రెండు లెక్కలూ వేరువేరుగా రాసుకోవాలి: తీసుకున్నదొకటి, ఇచ్చినదొకటి. మీటరు భాషలో మొదటిది 1.8.0, రెండోది 2.8.0.

ఏ మీటరు అంకెని ఏ బిల్లింగ్ అంకెతో జత చెయ్యాలో చెప్పే పట్టిక రాసింది నేనే. నాలుగు వారాలు పట్టింది. ఆ తర్వాత పరీక్షలు. మొత్తం నాలుగొందల పన్నెండు. ఫైలు ఆకారం సరిగ్గా ఉందా, ఉండాల్సినవన్నీ ఉన్నాయా, ఆపైన రౌండ్ ట్రిప్. అంటే మీటరు భాష నుంచి బిల్లింగ్ భాషలోకి మార్చి, తిరిగి మీటరు భాషలోకి మార్చితే మొదట్లో ఉన్నదే వస్తోందా అని చూడటం. అన్నీ పచ్చరంగులో వచ్చాయి. ఎంత ముచ్చటేసిందో! రిపోర్టు మీద సంతకం పెట్టి పంపేశాను. ఆదివారం సిస్టమ్ మొదలు పెడతామన్నారు.

బుధవారం నాడు ఘలాలో ఉన్న వర్క్‌షాపుకి వెళ్ళాను. అక్కడొక చెక్క పలక మీద మూడు కంపెనీల మీటర్లు బిగించి ఉంటాయి, కప్పు మీద నాలుగు సోలార్ పలకలు. దాన్ని చూసుకునే టెక్నీషియన్ ఒమనీ పెద్దాయన, ముప్ఫయ్యేళ్ళుగా మీటర్లతోనే బతికిన మనిషి. హిందీ బాగా మాట్లాడతాడు. ఖర్జూరాలూ, చిన్న కప్పుల్లో కహ్వా పెట్టాడు. నేను గర్వంగా లాప్‌టాప్ తెరిచి పచ్చరంగు పేజీ చూపించాను.

ఆయన చాలాసేపు చూసి, ఒకే ప్రశ్న వేశాడు. "సదీక్, శుక్రవారం మధ్యాహ్నం ఇక్కడెవరూ ఉండరు. ఏసీలు బంద్. పైన ఎండ మండిపోతుంటుంది. అప్పుడు నీ కంప్యూటర్లో ఏ అంకె పెరగాలి?"

"ఇచ్చిన లెక్క పెరగాలి" అన్నాను.

"పెరిగిందా? చూశావా?"

చూడలేదు. మామూలు మీటర్లని ఆ పలక మీద కళ్ళారా చూశాం. హీటరు పెట్టాం, అంకె పెరిగింది, సరిపోయింది. సోలార్ మీటర్లకి మాత్రం ఫైళ్ళతోనే సరిపెట్టాం. ఆ ఫైళ్ళు తయారుచేసింది ఎవరు? నేనే. ఏ పట్టిక చూసి? నేను రాసిన పట్టికే. ప్రశ్నపత్రం నాదే, జవాబులూ నావే, దిద్దినవాణ్ణీ నేనే. నాకు నూటికి నూరు రాకుండా ఎలా ఉంటాయి?

శుక్రవారం నమాజు వేళకి ముందే ఇద్దరం అక్కడికి చేరాం. ఆయన అన్ని స్విచ్చులూ కట్టేసి, నమాజు చేసుకుని వచ్చి, మీటరు ముందు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. మీటరు మీద 2.8.0 నెమ్మదిగా పెరుగుతోంది. నా స్క్రీన్ మీద చూస్తే, బిల్లింగ్ వైపు ఆ అంకె 'వినియోగదారుడు వాడుకున్నది' అన్న గడిలో పెరుగుతోంది.

నాకు ఒళ్ళు చల్లబడింది. అంత ఎండలోనూ.

ఏం జరిగిందంటే, సోలార్ మీటర్లకి ఒక కంపెనీ వేరే ప్రొఫైల్ పెట్టింది. అందులో 'డెలివర్డ్' అంటే ఇంటివాడు గ్రిడ్‌కి అందించినది. బిల్లింగ్‌వాళ్ళ పత్రంలో 'డెలివర్డ్' అంటే గ్రిడ్ ఇంటివాడికి అందించినది. ఒకే మాట, ఎటువైపు నిలబడి అంటున్నారన్నదే తేడా. నేను డెలివర్డ్‌కి డెలివర్డ్ జత చేసేశాను. వెళ్ళేటప్పుడు తలకిందులైంది, తిరిగొచ్చేటప్పుడు మళ్ళీ తలకిందులై మామూలుగా కనిపించింది. రెండు తప్పులు కలిసి ఒక ఒప్పు! రౌండ్ ట్రిప్ ఇలాంటి తప్పుని ఎన్నటికీ పట్టలేదు. అద్దంలో చూసి రాసి, మళ్ళీ అద్దంలో చూసి చదువుకున్నట్టన్నమాట. అలాగే మొదలు పెట్టి ఉంటే, కప్పు మీద పలకలు పెట్టుకున్న ప్రతివాడికీ తను ఇచ్చిన కరెంటుకి తనకే బిల్లు వచ్చేది. ఎండ బాగా కాసిన నెలలో బిల్లు ఎక్కువొచ్చేది.

ఆ రోజే ఇంకోటి కూడా బయటపడింది. పైన తేదీ చూశాను. శుక్రవారాన్ని మా సాఫ్ట్‌వేర్ 'పనిదినం' అంటోంది. ఒమన్‌లో వారాంతం శుక్ర, శనివారాలు. 2013 మే దాకా అయితే గురు, శుక్రవారాలు. మేం వాడిన తయారీ కాలెండర్‌లో శని, ఆదివారాలు. పెద్ద వినియోగదారులకి పనిదినం పీక్ ధర వేరు, వారాంతపు పీక్ ధర వేరు. 'వీకెండ్' అన్న మాట మూడు చోట్ల మూడు రోజుల జంటలు. మళ్ళీ ఆనపకాయే!

ఆ సాయంత్రం ఇంటికొచ్చి మెయిల్ రాయడం మొదలు పెట్టాను. "నేను సంతకం పెట్టిన రిపోర్టు తప్పు" అన్న ఒక్క వాక్యం రాయడానికి గంట పట్టింది. ఎలా రాస్తాం చెప్పండి? మా కంపెనీకి డబ్బులు ఆదివారం మొదలైతేనే వస్తాయి. నా కాంట్రాక్టు రెండు నెలల్లో అయిపోతుంది, పొడిగింపు మా మేనేజర్ చేతిలో ఉంది. మా ఆవిడా పిల్లాడూ వచ్చి ఏడాదవలేదు, వాణ్ణి ఇండియన్ స్కూల్లో వేశాం. అక్కడ రాజమండ్రిలో ఫ్లాటు లోను నడుస్తోంది. సోలార్ ఇళ్ళు కొన్నే కదా, మొదలయ్యాక నెమ్మదిగా సరిచేస్తే ఎవరికి తెలుస్తుంది అన్న ఆలోచన రాలేదంటే అబద్ధం. వచ్చింది. రెండుసార్లు వచ్చింది.

"ఏమండీ, మీ నాన్నగారికి ఫోన్ చెయ్యలేదు ఈ వారం" అంది మా ఆవిడ. మెయిల్ తప్పించుకోవడానికి అదొక వంక దొరికింది. చేశాను.

మా నాన్న ఒక రైసుమిల్లులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. చిన్నప్పుడు నేను మిల్లుకి వెళ్తే మీటరు డబ్బా మీద సుద్దముక్కతో 'ఎం.ఎఫ్. 40' అని రాసి ఉండేది. పెద్ద మోటార్ల కరెంటుని మీటరు నేరుగా కొలవలేదు. సీటీ అనే పరికరం దాన్ని తగ్గించి మీటరుకి ఇస్తుంది. 200 ఆంపియర్లని 5కి తగ్గిస్తే, మీటరు అంకెని తిరిగి 40తో గుణించాలి. అదే ఎం.ఎఫ్., మల్టిప్లయింగ్ ఫ్యాక్టరు. అది తెలియకపోతే మీటరు మీద అంకె ఉన్నా లేనట్టే.

నా గొడవంతా చెప్పాను. ఆయన కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత నెమ్మదిగా, "నీకో సంగతి ఎప్పుడూ చెప్పలేదురా" అన్నారు.

నేను స్కూల్లో ఉన్నప్పుడు మిల్లులో పాత సీటీలు తీసి కొత్తవి పెట్టారట. 100/5 పోయి 200/5 వచ్చింది. ఎం.ఎఫ్. 20 నుంచి 40 కావాలి. బిల్లులో మాత్రం 20 అలాగే ఉండిపోయింది. సగం బిల్లే వస్తోంది. "నాకు రెండో నెలలోనే తెలిసిందిరా. మోటార్లు అవే, ధాన్యం అంతే, బిల్లు సగం ఎలా అవుతుంది? షావుకారుకి చెప్తే ఏమంటాడో అని భయం. ఆయన సంతోషంగా ఉన్నాడు. నేనెందుకు చెడగొట్టాలి అనుకున్నా." ఏడాది తర్వాత తనిఖీలో దొరికింది. పాత బాకీ మొత్తం ఒకేసారి కట్టమన్నారు. షావుకారు అందరి ముందూ నాన్నని పట్టుకుని, లెక్కలు చూసేవాడివి నీకు తెలియకుండా ఎలా ఉంటుంది అని అడిగాడట. "నాకు తెలియదండీ అన్నాను. ఆ మాట ఇప్పటికీ గుచ్చుకుంటుంది. ఆ మర్నాడే సుద్దముక్కతో డబ్బా మీద రాశాను. అంకె ఒక్కటీ చాలదురా. దాని పక్కన ఏం రాసుందో చూడాలి, తప్పుంటే ఆ రోజే చెప్పాలి."

ఇన్నేళ్ళుగా ఆ సుద్ద గీతని చూసి అది మా నాన్న శ్రద్ధ అనుకున్నాను. అది ఆయన పశ్చాత్తాపమని ఆ రాత్రే తెలిసింది.

ఫోన్ పెట్టేసి మెయిల్ పంపేశాను, అందరికీ ఒకేసారి. మర్నాడు పొద్దున్నే మా మేనేజర్ ఫోన్. ముందు తనకెందుకు చెప్పలేదని గట్టిగానే అరిచాడు. అది నా పొరపాటే కావచ్చు, ఒప్పుకున్నాను. మొదలు పెట్టడం మూడు వారాలు వాయిదా పడింది.

ఆ మూడు వారాలూ పెద్దాయనతో కలిసి పరీక్షలు మళ్ళీ రాశాం. ఈసారి ఫైళ్ళ నుంచి కాదు, వస్తువుల నుంచి. రెండు కిలోవాట్ల హీటరు అరగంట పెడితే, బిల్లులో ఒక్క యూనిట్టే, అదీ 'వాడుకున్న' గడిలోనే పెరగాలి. అన్నీ కట్టేసి ఎండలో వదిలితే 'ఇచ్చిన' గడి పెరగాలి. రెండింటికి హీటరు పెట్టి రెండున్నరకి తీస్తే ఆ అరగంట ముద్ర రెండా, రెండున్నరా? ఒక మీటరు మొదలైన టైము వేస్తోంది, ఇంకోటి ముగిసిన టైము వేస్తోంది. రోజు మొత్తం కూడితే తేడా తెలియదు, పీక్ ధర దగ్గర తెలుస్తుంది. ఒమన్‌లో 2022 జనవరిలో మొదలైన స్పాట్ మార్కెట్‌లో లెక్క అరగంటకొకటి. మన ఇండియాలో పావుగంటకొకటి, రోజుకి 96. అరగంట జరిగితే ఇక్కడ ఒక గడి జరుగుతుంది, అక్కడ రెండు. ముందుగా జవాబు తెలిసిన ఒక నిజమైన పని చెయ్యి, ఆ తర్వాత కంప్యూటర్ని అడుగు. అంతే మా కొత్త పద్ధతి.

ఇది మేం కనిపెట్టిందేమీ కాదు. 2000 డిసెంబరులో అమెరికాలోని ఓర్లాండోలో సిమ్ పద్ధతికి మొదటి ఇంటరాపరబిలిటీ పరీక్ష జరిగింది. వేరువేరు కంపెనీలవాళ్ళు ఒకరి గ్రిడ్ నమూనా ఇంకొకరికిచ్చి చదివించారు. తర్వాతి పరీక్షల్లో చదివితే చాలదని, అందుకున్న నమూనా మీద పవర్ ఫ్లో లెక్క కట్టి, ఇద్దరికీ ఒకే జవాబు వస్తోందా అని పోల్చడం కూడా చేర్చారు. ఫైలు ఫైలుతో సరిపోవడం వేరు, కరెంటు పారే తీరు సరిపోవడం వేరు.

ఇంకో ముచ్చట చెప్పి ముగిస్తాను. గల్ఫ్ దేశాల గ్రిడ్లన్నీ కలిపి 2009 నుంచి ఒక ఉమ్మడి గ్రిడ్ నడుస్తోంది. ఒమన్ యూఏఈ మీదుగా 220 కేవీ లైనుతో అందులో కలుస్తుంది. మిగతావాళ్ళది 50 హెర్ట్జ్, సౌదీవాళ్ళది 60 హెర్ట్జ్. నేరుగా కలపడం కుదరదు కాబట్టి అల్ ఫాదిలీ దగ్గర 1800 మెగావాట్ల మార్పిడి కేంద్రం కట్టారు. చూశారా, తేడా కంటికి కనిపించేదైతే ఎంత ఖర్చయినా పెట్టి వంతెన కట్టుకుంటాం. మాటలో దాక్కున్న తేడాకి ఎవరూ కేంద్రం కట్టరు. ఒక పెద్దాయన కుర్చీ వేసుకుని మీటరు ముందు కూర్చోవాలి, అంతే.

నా కాంట్రాక్టు పొడిగించలేదు. కారణం ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. 2021 నుంచి ఒమన్‌లో ఉద్యోగం మారడానికి పాత యజమాని ఎన్‌ఓసీ అక్కర్లేదు కాబట్టి, రెండు నెలల కంగారు తర్వాత ఇంకోచోట కుదిరాను. ఆ రెండు నెలలూ మా ఆవిడ ఒక్క మాట అనలేదు. ఖర్చుల పుస్తకం మాత్రం రోజూ రాసింది.

ఇప్పుడు ఎక్కడ పనిచేసినా పట్టికలో మొదటి వరసలో ఒకటే రాస్తాను: 'ఇది ఎవరి వైపు నుంచి చెప్తున్న మాట?' చూసినవాళ్ళు ఇదేం విచిత్రమని నవ్వుతారు. నవ్వనివ్వండి. అది మా నాన్న సుద్దముక్క.

చిత్తూరు కుర్రాడు ఇప్పుడు సోహార్‌లో ఉంటున్నాడు. మొన్న మా ఇంటికి భోజనానికొస్తూ, ఏమైనా తేవాలా అని మెసేజ్ పెట్టాడు. నేను సొరకాయ ఫోటో పంపాను.